బిళ్ళ లేని మనుషులు

పొద్దున్నే అసిమీనా పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. తర్వాత మెడ కింద పెట్టి చూసింది. ఆ తర్వాత తన నుదురు తనే చూసుకుంది. వెచ్చదనం పిల్లదో తనదో తేలలేదు. తల్లి చెయ్యి థర్మామీటరు కాదు కదా, లోపల భయం ఎంతుంటే అంత వేడి చూపిస్తుంది.

"పళ్ళొస్తున్నాయి, దానికింత హైరానా ఏమిటి?" అంది అత్తగారు ఆంథీ, పొయ్యి మీద కాఫీ పొంగిపోకుండా కనిపెట్టుకుంటూ. "నీ మొగుడికి పళ్ళొచ్చినప్పుడు వీధి వీధంతా నిద్రపోలేదు. ఇప్పుడు వాడికేం తక్కువైంది? పడవ నడుపుతున్నాడు. నువ్వు వెళ్ళు కోడలా, బస్సు పోతుంది."

"ఏమాత్రం వేడెక్కినా ఫోన్ చెయ్యండి."

"చేస్తాలే. నేనేం కొత్తగా పిల్లల్ని చూస్తున్నానా?"

ఆ మాటా నిజమే. సముద్రపొడ్డునున్న ఆ ఊళ్ళో, స్కాలాలో, ఎండాకాలం పిల్లల్ని కన్నవాళ్ళు పెంచరు, నాయనమ్మలు పెంచుతారు. మొదటి విమానాలు దిగిన దగ్గర్నుంచి ఒడ్డున ఆఖరి గొడుగు మడిచేదాకా ఊరు ఊరంతా పరాయివాళ్ళకి పడకలు వేస్తూ, చేపలు కాలుస్తూ, వాళ్ళని నది దగ్గరికీ గుహల దగ్గరికీ తిప్పుతూ ఉంటుంది. ఎండాకాలం కష్టమే చలికాలం తిండి. అలాగని తెలిసే అసిమీనా పెళ్ళి చేసుకుంది, అలాగని తెలిసే కన్నది. అయినా రెండేళ్ళ ఆంథూలా నిద్రలో ఉలిక్కిపడి "అమ్మా" అంటూ నాయనమ్మ వైపు చేతులు చాపినప్పుడల్లా ఆమె చాపబోయిన తన చేతులు వెనక్కి తీసుకునేది. మొదటి మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టడం ఆ వైపు రివాజు, ఆంథీని ముద్దుగా పిలిస్తే ఆంథూలా. పేరుతో పాటు పిల్లని కూడా ఇచ్చేశానా ఏం అని ఒక్కోసారి అనుకునేది. అనుకున్నందుకు మళ్ళీ తనే శిలువ గుర్తు వేసుకునేది.

ఆ రోజు పనాయియా పండగ, మరియ తల్లి పండగ. ఆగస్టు పదిహేను. ఊళ్ళో సగం మందికి ఆ తల్లి పేరే కాబట్టి సగం ఊరికి పేరు పండగ. రేవులో పక్క పడవ సరంగు పనాగోస్ అప్పటికే తెల్లచొక్కా తొడుక్కుని, ఎవరు ఎదురైతే వాళ్ళ చేత దీవెనలు పెట్టించుకుంటున్నాడు.

"నూరేళ్ళు చల్లగా ఉండు పనాగోస్," అంది అసిమీనా.

"నీ నోటి చలవ. ఇవాళ నేను గుహల దాకా పోయొచ్చి మధ్యాహ్నానికే పడవ కట్టేస్తాను. పండగ పూట కూడా గొడ్డులా తిరిగితే ఆ తల్లి ఊరుకున్నా నా పెళ్ళాం ఊరుకోదు. సాయంత్రం చౌరస్తాలో నా బల్ల దగ్గరికి మీ ఇద్దరూ రాకపోయారో, మీతో మాట్లాడను."

"నువ్వు మాట్లాడకపోతే ఊరికి పండగే కదరా," అన్నాడు అసిమీనా మొగుడు థీమియోస్, తన పడవలోంచి తాడు విప్పుతూ.

అందరూ నవ్వారు. పక్కనే నిలబడ్డ డ్రీతా కూడా నవ్వింది. అయిదేళ్ళ కూతురు ఎరా ఆమె వేలు పట్టుకుని గెంతుతోంది.

డ్రీతా కొండల అవతల అల్బేనియా నుంచి వచ్చింది. కొత్త పెళ్ళికూతురిగా వచ్చింది, ఇప్పుడు ఆ ఊరి భాష ఊరివాళ్ళ కంటే వేగంగా మాట్లాడుతుంది. పెద్ద హోటల్లో గదులు ఊడ్చి పక్కలు మార్చే పని. చలికాలం ఆలివ్ చెట్ల కింద వలలు పరిచి కాయలేరేటప్పుడు ఆమె, అసిమీనా ఒకే వల పట్టుకునేవాళ్ళు. హోటల్ మేడ మీద దుప్పట్లు ఆరేస్తుంటే ఎరా కింద వరసగా బయల్దేరే పడవల్ని చూసి, "మనమెప్పుడే?" అని రోజూ ప్రాణం తీసేదిట. ఆ మాట చెవిన పడి అసిమీనాయే అంది, "పండగ రోజు నీకు సెలవు కదా, వచ్చెయ్యి. వెనకాల తాళ్ళ దగ్గర కూచుందువు గాని. నిన్ను టికెట్ ఎవడడుగుతాడు?"

అదీ అక్కడి మర్యాదే. ఎండాకాలం ఊళ్ళో గిన్నెలు తోమేవాళ్ళు, గదులు ఊడ్చేవాళ్ళు సెలవు దొరికిన రోజు ఏ పడవైనా ఊరికే ఎక్కొచ్చు. వాళ్ళని "మనవాళ్ళు" అంటారు. మనవాళ్ళకి టికెట్ లేదు, కుర్చీ లేదు, బిళ్ళ కూడా లేదు.

బిళ్ళ అంటే చెక్కబిళ్ళ. రేవు లేని చోట, ఇసుక మీదికి పలక వేసి జనాన్ని దింపేటప్పుడు అసిమీనా ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బిళ్ళ పెడుతుంది. తిరిగి ఎక్కేటప్పుడు తీసుకుని పలక పక్కనున్న బోర్డు మేకులకి తగిలిస్తుంది. మేకులన్నీ నిండితే మనుషులంతా వచ్చినట్టు. అందరికీ ఒకటే భాష ఉండదు కదా, పేర్లు పిలుస్తూ కూచుంటే పొద్దు గూకుతుంది. థీమియోస్ తాతముత్తాతల నుంచీ ఈ పద్ధతే. బోర్డు ఎప్పుడూ అబద్ధమాడలేదు.

ఆ పూట ప్రయాణం మొదట నేల మీద, తర్వాత నీళ్ళ మీద. థీమియోస్ పడవతో ముందు పోగా, అసిమీనా, డ్రీతా, ఎరా యాత్రికులతో కలిసి బస్సులో అహెరోన్ నది దాకా పోయారు. చచ్చినవాళ్ళు దాటిపోయే నది అని పూర్వం చెప్పుకునేవారు. ఇప్పుడు బతికున్నవాళ్ళు అందులో పాదం పెట్టి, ఆ చల్లదనానికి కెవ్వుమని, పడీపడీ నవ్వుతారు. ఎరా అందరికంటే గట్టిగా అరిచింది. డ్రీతా పావడా మోకాళ్ళ దాకా ఎత్తి కట్టి, కూతుర్ని చంకనేసుకుని నది మధ్యకి నడిచింది.

"ఏమే, దుప్పట్లు ఉతికే నీళ్ళలా లేవు కదా?" అంది అసిమీనా.

"దుప్పట్లు ఎవరివో వెతుక్కోనక్కర్లేదు, అదే సుఖం," అంది డ్రీతా.

నది సముద్రంలో కలిసే చోట థీమియోస్ పడవతో సిద్ధంగా ఉన్నాడు. అక్కణ్ణించి గుహలు చూసి, గరూఫా అనే చిన్న ఇసుక తిన్నె దగ్గర ఆగారు. మూడు వైపులా నిలువు కొండ, ముందు సముద్రం. కొండ మీదికి మేకల బాట ఒకటుంది, మేకలకే అది సరిపోదు. అసిమీనా పలక పక్కన నిలబడి బిళ్ళలు పంచుతూ, దిగే ప్రతివాళ్ళకీ ఎండాకాలమంతా చెప్పే మాటే చెప్పింది. మూడుసార్లు కూత వేస్తాం, మూడో కూతకి పలక తీసేస్తాం.

డ్రీతా చెప్పులు చేత పట్టుకుని దిగబోయి, మళ్ళీ వాటిని సంచిలో పడేసి, సంచి తాళ్ళ చుట్ట మీద వదిలేసి దిగింది. "ఆలస్యమైతే కంగారు పడకు," అంది అసిమీనా, "వెనకాల పనాగోస్ పడవ వస్తుంది. ఎవరు మిగిలినా వాడు ఎక్కించుకుంటాడు."

ఆ మాట ఆమె అనలేదు, నోరు అనేసింది. రోజూ అనే నోరు. రోజూ పనాగోస్ వెనకే వచ్చేవాడు.

ఫోన్ వచ్చేసరికి జనం సగం ఎక్కారు.

"కోడలా, కంగారు పడకు," అంది అత్తగారు. ఆ మాటతో మొదలైన ఫోన్లు ఎవరి కొంపనీ నిలబెట్టవు. "పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. కళ్ళు తెరవట్లేదు. డాక్టరు పండగని వాళ్ళ ఊరు పోయాడుట. తడిగుడ్డ వేస్తున్నాను..."

తర్వాత మాట గాలికి కొట్టుకుపోయింది. అసిమీనా ఫోన్ చెవికి నొక్కుకుని "అమ్మా, అమ్మా" అంది. ఏమీ లేదు. ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో బిళ్ళలు. ఎవరి చేతిలోంచి తీసుకుంటోందో, ఏ మేకుకి తగిలిస్తోందో చూడలేదు. కళ్ళ ముందు ఒకటే, నిమ్మకాయంత మొహం, మూసుకున్న కళ్ళు.

థీమియోస్ మూడో కూత వేశాడు. ఆఖరి బిళ్ళ ఒక లావుపాటి జర్మనీ ఆవిడది. ఆమె ఇసుక దులుపుకుంటూ, నవ్వుతూ, పలక మీద బాతులా నడుచుకుంటూ వచ్చింది. ఆఖరి మేకు నిండింది.

అప్పుడు అసిమీనా పడవ వెనక్కి చూసింది. తాళ్ళ చుట్ట మీద డ్రీతా సంచి ఉంది. డ్రీతా లేదు. తిన్నె మీదికి చూసింది. ఎవరూ లేరు. కుడివైపు బండల మలుపు దగ్గర ఇసుకలో అడుగుజాడలు, కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి.

"నిండిందా?" అని అరిచాడు థీమియోస్ చుక్కాని దగ్గర్నుంచి.

ఒక్క అరుపు అరిస్తే చాలు. డ్రీతా అని. ఆ అరుపు మలుపు దాటి వెళ్ళాలి, వాళ్ళు వినాలి, చీరుకునే బండల మీద చిన్నపిల్లని నడిపించుకు రావాలి. ఇంట్లో తన పిల్ల కళ్ళు తెరవట్లేదు. వెనకాల పనాగోస్ ఉన్నాడుగా, అనుకుంది. డ్రీతా మనమనిషేగా, అనుకుంది. అర్థం చేసుకుంటుంది.

"బోర్డు నిండింది," అంది.

అది అబద్ధం కాదు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ మాటని తిరగేసి మరగేసి చూసుకున్నా అందులో అబద్ధం ఎక్కడా దొరకలేదు. అదే ఆమెని ఎక్కువ కాల్చింది.

పలక లోపలికి లాగింది. పడవ తిరిగింది.

ఇంటికి పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆంథూలా గుమ్మంలో బాసింపట్టు వేసుకుని కూర్చుని పుచ్చకాయ తింటోంది. గడ్డం, పొట్ట, కాళ్ళు అన్నీ ఎర్రటి రసం. అమ్మని చూసి ఒక ముక్క ఎత్తి చూపించింది.

"దిష్టి," అంది అత్తగారు, ఏదో గెలిచినదానిలా. "నీళ్ళలో నూనె చుక్క వేశానా, చుక్క చుక్కలా నిలబడితే ఒట్టు. కరిగి ఎటు పోయిందో తెలీదు. మంత్రం చదువుతుంటే నాకు ఆవలింతలే ఆవలింతలు, కళ్ళంట నీళ్ళు. నాలుగోసారికి చుక్క నిలబడింది. వెంటనే దీనికి చెమట పట్టింది. ఎవరో చూశారే దీన్ని. నీలి కళ్ళ చూపే చెడ్డది, అలాంటిదెవరో చూసింది."

అసిమీనా పిల్లని గుండెకి అదుముకుంది. ఏడ్చింది, నవ్వింది, పుచ్చకాయ రసం చొక్కాకి పులుముకుంది. సంచి మాట జ్ఞాపకం ఉంది. ఆ సంచి దారిలో టికెట్ల గదిలో పెట్టి వచ్చింది కూడా, పనాగోస్ పడవ రాగానే డ్రీతాకి ఇద్దామని. కానీ ఆ గంటలో ఆమెకి ప్రపంచంలో పిల్ల చెమట కంటే మంచి వస్తువు లేదు. పక్కన పడుకోబెట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ ముద్దు పెట్టుకుని, ఎండాకాలం మొదలయ్యాక మొదటిసారి ఒక కునుకు తీసింది.

పొద్దు వాలుతుండగా మరియ తల్లి గుడి గంటలు మోగాయి. పిల్లకి తెల్లగౌను తొడిగి అత్తగారితో కలిసి చౌరస్తాకి వెళ్ళింది. బల్లలు వేశారు, మాంసం కాలుస్తున్న పొగ, వాయిద్యాలవాళ్ళు తీగలు సవరిస్తున్నారు. ఇంకా ఎవరూ చిందులు మొదలెట్టలేదు.

"రండి రండి!" అన్నాడు పనాగోస్. తెల్లచొక్కా మీద ద్రాక్షసారా మరకలు. "మీ ఆయన అరగంట నుంచి నా సారా తాగుతూ నాకే నీతులు చెబుతున్నాడు. నువ్వైనా కూర్చో."

అసిమీనా కూర్చోలేదు. "నువ్వెప్పుడొచ్చావు?" అంది.

"ఎక్కడికి?"

"రేవుకి."

"పొద్దున్నే చెప్పాను కదమ్మా, మధ్యాహ్నానికే కట్టేస్తానని. దీవెన కూడా పెట్టావు. అప్పుడే మరిచావా?"

పొద్దున్న అతను నవ్విన నవ్వు, చెప్పిన మాట, డ్రీతా నవ్వు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు కళ్ళ ముందుకొచ్చాయి. మరిచిపోయింది కాదు. మరిచిపోతే ఇంత తేలిగ్గా గుర్తు రావు. గుర్తు ఉన్నదాన్ని ఆ క్షణంలో ఎక్కడో గుడ్డ కింద దాచేసింది, తనకి తనే కనబడకుండా.

"థీమియోస్, ఇలా రా," అంది. బల్లకి దూరంగా, గుడి గోడ పక్కకి తీసుకెళ్ళింది.

"డ్రీతా గరూఫాలో ఉంది. పిల్లతో."

"ఏ డ్రీతా? బోర్డు నిండిందన్నావు కదే."

"నిండింది. డ్రీతాకి బిళ్ళ లేదు."

థీమియోస్ చేతిలో గ్లాసు గోడ మీద పెట్టాడు. తాగింది మొహంలోంచి దిగిపోవడం కనబడింది.

"లేదని నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి..." అని ఆగిపోయాడు. బల్ల దగ్గర నాయనమ్మ చంకలో ఆంథూలా చప్పట్లు కొడుతోంది. దాన్ని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. ఆ మాట పూర్తి చెయ్యలేదు. తిట్టినా బాగుండేది.

సముద్రం వైపు నడిచి గాలి చూశాడు. మధ్యాహ్నం లేచిన వాయవ్యపు గాలి ఇంకా పడలేదు, తెల్లటి నురగలు బారులు తీరి ఉన్నాయి. "ఈ గాలికి గరూఫా ముందు పడవ నిలబడదు. బండలకేసి కొడుతుంది. నేను పడవ తీసుకుని పోయి బయట ఆగుతాను, పడగానే దగ్గరికొస్తాను. నువ్వు కారు తీసుకుని కొండ మీది గుడి దాకా పో. మేకల బాటన దిగి చూడు. రొట్టె, నీళ్ళు తీసుకెళ్ళు. దుప్పటి కూడా."

వెళ్ళబోయి వెనక్కి తిరిగాడు. గొంతు తగ్గించాడు. "ఇంజిన్ చెడిందని చెప్పు."

"ఏంటి?"

"ఇంజిన్ చెడింది, అందుకే తిరిగి రాలేకపోయాం అని. ఆవిడ రేవు పోలీసు దగ్గర నోరు విప్పిందంటే పడవ నడిపే అనుమతి కాగితం లాగేసుకుంటారు. మనిషిని వదిలేసి వచ్చిన పడవని ఎవడూ క్షమించడు. ఇంకేం లేదు మనకి అసిమీనా, ఆ పడవ తప్ప."

ఆంథూలా అమ్మ వెళ్ళిపోతోందని తెలిసి ఏడుపు లంకించుకుంది. ఎప్పుడూ నాయనమ్మకే అంటుకునేది ఆ ఒక్కసారి "అమ్మా" అంది. అసిమీనా వెనక్కి చూడకుండా నడిచింది. టికెట్ల గదిలోంచి సంచి తీసుకుంది. అందులో డ్రీతా ఫోన్, పెద్ద చెప్పులు, చిన్న చెప్పులు.

చిన్న చెప్పులు చూసి ఆమె సంచి మూతి గబుక్కున బిగించేసింది.

గుడి దాకా మట్టిరోడ్డు. బండి గుంతల్లో పడి లేచినప్పుడల్లా ఆమె ఒకే మాట అనుకుంటోంది. తల్లీ, వాళ్ళని బతికించు, నీకు ఏం కావాలంటే అది. మళ్ళీ సిగ్గుపడింది. మధ్యాహ్నం కూడా ఇలాగే మొక్కింది, నా పిల్లని బతికించు, నీకు ఏం కావాలంటే అది అని. ఆ తల్లి ఏం తీసుకుందో ఇప్పుడు తెలిసింది. కాదు, ఆ తల్లి తీసుకోలేదు. తనే ఇచ్చింది. తనది కానిది ఇచ్చింది.

గుడి దగ్గర బండి ఆపి, బాట మొదట్లో నిలబడి అరిచింది. "డ్రీతా!" గాలి ఆ మాటని తిరిగి తన మొహం మీదే కొట్టింది. మధ్యాహ్నం అరవాల్సిన అరుపు అది.

దిగింది. రాళ్ళు జారుతున్నాయి, ముళ్ళ పొదలు పావడా పట్టి లాగుతున్నాయి. సూర్యుడు నీళ్ళని తాకాడు. సగం కొండ దిగాక కింద ఏదో కదిలింది. మేక అనుకుంది. మేక కాదు. డ్రీతా. వీపు మీద ఎరా, మెడ చుట్టూ చేతులు. పిల్ల పాదాలకి డ్రీతా తలగుడ్డ రెండు ముక్కలు చింపి కట్టి ఉంది. డ్రీతా పాదాలకి ఏమీ లేదు.

"వచ్చావా," అంది డ్రీతా ఆయాసపడుతూ. కోపం లేదు ఆ గొంతులో, అదే భరించలేకపోయింది అసిమీనా. "వస్తావని చెప్పాను దీనికి. అసిమీనాకి కూడా పిల్ల ఉందిలే, మనల్ని వదిలెయ్యదు అని. ఇంజిన్ చెడిందా?"

మొగుడు చెప్పమన్న మాటే. ఆవిడే నోటికందించింది. అందుకుంటే చాలు.

"నేను ఏడవలేదు," అంది ఎరా వీపు మీంచి. "అమ్మ ఏడ్చింది."

"ఊరుకోవే. బండల వెనక పీతలు చూపిస్తానంటే మలుపు తిరిగాం. కూత వినబడింది, మీదో వేరేవాళ్ళదో తెలీలేదు. వచ్చేసరికి మీరు మొన దాటుతున్నారు. సరేలే, పనాగోస్ వస్తాడన్నావు కదా అని కూచున్నాం. కూచున్నాం, కూచున్నాం. పొద్దు వాలాక ఇంక లాభం లేదని ఎక్కడం మొదలెట్టాను. ఇంజినేనా?"

అసిమీనా నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది.

"ఇంజిన్ చెడలేదు," అంది.

డ్రీతా పిల్లకి తాగిస్తూ ఆగింది.

"నువ్వు లేవని చూశాను. నీ సంచి చూశాను. ఇసుకలో మీ అడుగులు కూడా చూశాను. బోర్డు నిండిందన్నాను."

గాలి కొంచెం తగ్గింది. కింద సముద్రం బండల్లో గురక పెడుతోంది. ఎరా నీళ్ళు గుటకలేసే చప్పుడు.

"పనాగోస్ వస్తాడనా?"

"అలా అనుకున్నాను."

"పొద్దున్న అతను చెప్పింది నేనూ విన్నాను," అంది డ్రీతా నెమ్మదిగా. "మధ్యాహ్నానికే కట్టేస్తానన్నాడు. అయినా నేను దిగేటప్పుడు నువ్వు వస్తాడన్నావు. మీ రేవు సంగతులు నాకంటే నీకు తెలుసు కదా, మళ్ళీ ఏదో మారిందేమో అనుకున్నాను. నిన్ను నమ్మి కూచున్నాను. లేకపోతే ఎండ ఉండగానే ఎక్కేదాన్ని."

"పిల్లకి ఒళ్ళు కాలిపోతోందని ఫోన్ వచ్చింది."

"ఎలా ఉంది?"

"తగ్గింది."

"మంచిది." ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. తర్వాత అసిమీనా కళ్ళలోకి చూసింది. "ఆ లావుపాటి జర్మనీ ఆవిడ మిగిలిపోతే ఆగేదానివా?"

"ఆగేదాన్ని," అంది అసిమీనా. ఆలోచించకుండానే వచ్చేసింది.

"ఫోన్ వచ్చినా?"

"వచ్చినా."

డ్రీతా నవ్వింది. చలికాలం వల కింద కూర్చుని నవ్వుకునే నవ్వు కాదది. "ఈ ముక్క చెప్పడానికి ఇంత కొండ దిగి వచ్చావు. ఇంజిన్ అని ఉంటే నేను నీకు దణ్ణం పెట్టేదాన్ని తెలుసా? హోటల్లో అందరికీ చెప్పేదాన్ని, పాపం అసిమీనా చీకటి పడుతున్నా మా కోసం వచ్చిందని."

అసిమీనా రొట్టె తీసి ఇచ్చింది. డ్రీతా తను ముట్టుకోలేదు, పిల్లకి పెట్టింది. సంచి తీసుకుని, చెప్పులు తొడుక్కుంది, పిల్ల పాదాలకున్న గుడ్డ విప్పి చూసింది. చూసి మళ్ళీ కట్టేసింది. చిన్న చెప్పులు పట్టే పాదాలు కావవి ఇప్పుడు.

"దీన్ని పట్టుకో," అంది. "నా చేతులు చచ్చుబడ్డాయి. నీ మీద కోపం పోయిందని కాదు."

అసిమీనా ఎరాని ఎత్తుకుంది. ఆంథూలా కంటే రెట్టింపు బరువు. పిల్ల కొత్త లేకుండా మెడ పట్టుకుని, రొట్టె నములుతూనే, తల ఆమె భుజం మీద వాల్చేసింది. ఎంత నమ్మకంగా వాల్చిందంటే అసిమీనాకి ఒక్క అడుగు కూడా ముందుకి పడలేదు. వెనక నుంచి డ్రీతా, "ఎక్కు, చీకటి పడుతోంది," అంది. ఎక్కింది. జారితే తన మోకాలు పగిలేలా, పిల్ల పాదం రాయికి తగలకుండా, ఒక్కో రాయీ చూసుకుంటూ ఎక్కింది. పైకొచ్చేసరికి ఎరా నిద్రపోయింది.

కింద దూరంగా థీమియోస్ పడవ దీపం అలల మీద లేస్తూ పడుతూ ఉంది. అసిమీనా బండి దీపాలు వెలిగించి ఆర్పింది, వెలిగించి ఆర్పింది. కాసేపటికి ఆ దీపం ఊరి వైపు తిరిగింది.

డ్రీతా ముందు సీట్లోనే కూర్చుంది, పిల్లని ఒళ్ళో వేసుకుని. చాలా మలుపులు దాటారు.

"థీమియోసే కదా ఇంజిన్ అని చెప్పమన్నది?" అంది డ్రీతా ఉన్నట్టుండి.

అసిమీనా తలూపింది.

"రేపు పోలీసు దగ్గరికి వెళ్తానో లేదో నాకే తెలీదు. అడక్కు."

"అడగను."

"బతిమాలకు కూడా."

"బతిమాలను."

ఊరి దీపాలు కనబడ్డాయి. పాట వినబడింది, చిందులు మొదలైనట్టున్నాయి. రోడ్డు రెండుగా చీలే చోట అసిమీనా ఎడమవైపు తిప్పబోయింది. హోటల్ వెనక పనివాళ్ళ గదులకి అదే దగ్గర దారి, ఎవరికీ కనబడని దారి.

"అటు కాదు," అంది డ్రీతా. "చౌరస్తా మీంచి పోనీ."

"జనం ఉంటారు. బండి నడవదు. దీని పాదాలకి ముందు మందు..."

"మందు రాస్తాను. నెమ్మదిగా పోనీ. చూడనీ అందరూ."

అసిమీనా చక్రం కుడివైపు తిప్పింది. చిందులేసేవాళ్ళు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నారు. బండి వెలుతురు మీద పడగానే మొదటి నలుగురూ ఆగారు, తర్వాత వాళ్ళని చూసి మిగతావాళ్ళు. పనాగోస్ గ్లాసు పట్టుకుని లేచి నిలబడ్డాడు. అత్తగారు ఆంథూలాని చంకనేసుకుని ముందుకొచ్చింది, "ఏమైందే కోడలా, ఎవరి పిల్ల అది, ఆ కాళ్ళేమిటి?" అంటూ.

అసిమీనా బండి ఆపి, డ్రీతాకి చెప్పిన మాటే అందరికీ చెప్పడానికి కిటికీ అద్దం దించింది.